ఆగి మళ్లీ తిరగాల్సిన టెంకాయ

భూమి సరిగ్గా ఇరవై నాలుగు గంటలకొక రోజు పూర్తి చేస్తుందని పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. అది నిజం కాదు. ఒక్కోరోజు సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ అవుతుంది. మా చిత్తూరు బస్సుల పక్కన నిలబెడితే భూమి బుద్ధిమంతురాలే. కానీ లెక్క లెక్కే.

రెండేళ్ల కిందట ఒక జూనియర్ కాలేజీవాళ్లు ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగానికి నన్ను డెమో పాఠం చెప్పమన్నారు. అప్పటికే మూడు కాలేజీల్లో పాఠం చెప్పి, మూడు చోట్లా 'ఫోన్ చేస్తాం' అనిపించుకుని వచ్చాను. ఈసారీ రాకపోతే ట్యూషన్లతోనే తల నెరిసిపోతుందని భయం. అందుకే నాకు బాగా ఇష్టమైన ఈ భూమి తడబాటునే పాఠంగా ఎంచుకున్నాను.

చంద్రుడు సముద్రాలను లాగుతూ యుగాల తరబడి భూమికి బ్రేకు వేస్తుంటాడు. గాలులు ఋతువును బట్టి కాస్త తోస్తాయి, కాస్త లాగుతాయి. అన్నిటికంటే కొంటెది భూమి కడుపులోని కరిగిన ఇనుము. అది పైనున్న గట్టి పొరతో ఏళ్ల తరబడి వేగాన్ని ఇచ్చి పుచ్చుకుంటూ ఉంటుంది. లోపలిది ఒక తీరున, పైది ఒక తీరున తిరగడం చూపించాలంటే పచ్చి కోడిగుడ్డు చాలు. బల్ల మీద తిప్పి, వేలితో ఒక్క క్షణం ఆపి వదిలితే మళ్లీ తిరుగుతుంది, లోపలి సొన ఆగలేదు కనుక. ఉడికించిన గుడ్డయితే ఆపిన చోటే ఉండిపోతుంది. పోలిక అంతవరకే. భూమిని ఎవరూ వేలితో ఆపడం లేదు.

అయితే అది పెరటాసి, ఏడుకొండల సామి నెల. కోడికూర లేనిదే ఆదివారం గడవని మా ఇంట్లో కూడా ఆ నెలంతా నీచు గడప దాటదు. గుడ్డు మాట ఎత్తగానే మా అత్త కొంగు దోపుకుంది.

"ఏమ్మే, సామి నెలలో ఇంట్లోకి గుడ్డు తెస్తావా? భూమి తిరక్కపోతే పోనీలే!"

"తినేదానికి కాదత్తా, తిప్పేదానికి."

"తిప్పేదానికైతే టెంకాయ లేదా? దాంట్లో నీళ్లు లేవా?"

వంటింట్లో ఉన్న టెంకాయను నున్నటి గచ్చు మీద తిప్పి, ఆపి, వదిలాను. బద్ధకంగానే అయినా మళ్లీ కదిలింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

తెల్లారి చూస్తే ఆ టెంకాయ ఇడ్లీల పక్కన చట్నీ అయి కూర్చుంది. అత్త నాలుక కరుచుకుంది. "మర్సేపోయినా మే!" అంటూ దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డ ముడుపు విప్పింది. నాకు ఉద్యోగం రావాలని ఉగాదికి ముందెప్పుడో మొక్కుకుని కట్టిన టెంకాయ అది. "నీ కోసరం కట్టిందే గదా, తీస్కపో" అంది. దేవుడి సొత్తును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడటానికి నాకు చెయ్యి రాలేదు.

కాలేజీలో ప్రిన్సిపాల్, ఇద్దరు లెక్చరర్లు ఎదురుగా కూర్చున్నారు. "ఇప్పుడు ఆపి వదులుతాను, మళ్లీ తిరుగుతుంది చూడండి" అన్నాను గొప్పగా. వదిలాను. ఆగిపోయింది. ఇంకోసారి తిప్పాను. అలిగిన అల్లుడిలా కదల్లేదు. ఒక లెక్చరర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం మేడమ్, భూమి నిలబడిపాయెనే?" అన్నాడు ప్రిన్సిపాల్.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "సార్, ఇది ఆగిందంటే దీని లోపల ఆడే నీళ్లు లేవు. ఏముందో పగలగొడితే గానీ చెప్పలేను. భూమినైతే పగలగొట్టలేం. అందుకే అదెంత తడబడుతుందో కొలిచి, లోపల ఏం జరుగుతోందో లెక్క గడతాం" అన్నాను.

"సరే, ఫోన్ చేస్తాం" అన్నాడాయన.

ఇంటికొచ్చి టెంకాయను అత్త చేతిలో పెట్టి, గుమ్మంలోనే కూలబడ్డాను. విప్పిన ముడుపు మళ్లీ కట్టకూడదని ఆమె దాన్ని దేవుడి ముందు కొట్టేసింది. చుక్క నీరు లేదు. చిప్పల నిండా తెల్లగా, గుడ్డుకన్నా పెద్దగా పువ్వు!

"గోయిందా! పువ్వొచ్చిందిమే! ఉద్యోగం నీదే!" అని అత్త కేక పెట్టింది.

"నీళ్లు లేవత్తా! నేను చెప్పిందే నిజం!" అని నేను కేక పెట్టాను.

కబురు తెలిసేదాకా పువ్వు తినకూడదని ఆమె దాన్ని దేవుడి ముందే ఉంచింది. సాయంత్రం ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు.

"ఒకటే సందేహం మేడమ్. ఆ టెంకాయ పగలగొట్టినారా?"

"పగలగొట్టాం సార్. నీళ్లు లేవు. లోపలంతా పువ్వే."

"పువ్వా!" అన్నాడు మెల్లగా. "అయితే సోమవారం వచ్చి చేరండి."

నా తర్కం నిలబడిందని తీసుకున్నాడో, పువ్వొచ్చిందని తీసుకున్నాడో! ఆయన కిందే పనిచేస్తున్నా ఇప్పటికీ అడగలేదు. ఆ సాయంత్రం మాత్రం ఫోను పెట్టేసి అత్తను అడిగాను, ఉద్యోగం దేని వల్ల వచ్చిందంటావని. ఆమె పువ్వును రెండుగా తుంచి, పెద్ద ముక్క నా నోట్లో కుక్కింది.

"ముందు నమలు మే. కారణాలు రేపు పిల్లోళ్లకు చెప్పుకుందువు."