‘పోయి రండి’ అన్నందుకు

మా చిన్నాయన మొన్న శుక్రవారం పొద్దున ముదలియార్‌పేటలోని తన ఇంట్లో కన్నుమూశారు. ‘పోయారు’ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ ఇంట్లో ఎవరైనా ‘పోతాను’ అని నోరు జారితే ఆయన గడప దగ్గరే నిలబెట్టేవారు. “ఏందిరా పోయేది? పోయొస్తానని చెప్పు” అనేవారు. చెప్పేదాకా వదిలేవారు కాదు.

ఆయన మునిసిపల్ కౌన్సిలర్. ఫ్రెంచి దొరలు ఇంకా ఏలుతుండగానే ఊరి చుట్టూ భారత ప్రభుత్వం సరిహద్దు గేట్లు వేసింది. అప్పుడు గేటు అవతల భారత అధికారులతోనూ, ఇవతల దొరల కచేరీతోనూ మాట్లాడడం ఆయన పని. బియ్యం బండి ఆగినా, అవతలి ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాలన్నా జనం ఆయన అరుగు మీదకే వచ్చేవారు. ఇటువాళ్ళు ఆయన్ని ఢిల్లీ మనిషన్నారు, అటువాళ్ళు దొరల మనిషన్నారు. “రోలొచ్చి మద్దెలతో మొర పెట్టుకున్నట్టుండాది మీ యవ్వారం” అని నవ్వుతూనే చొక్కా తొడుక్కుని బయలుదేరేవారు.

అరవ పేపర్లో చైనాకూ ఫార్మోసా దీవికీ మధ్య గొడవలను వదలకుండా చదివేవారు. “నడమ సముద్రం ఉండాది, సరే. అటూ ఇటూ పోయి మాట్లాడేవోడు యాడుండాడో పాపం!” అని నిజంగానే దిగులు పడేవారు.

పరిపాలన భారతదేశానికి బదిలీ అయ్యాక ఇక్కడి పెద్ద దొర ఓడెక్కడానికి బయలుదేరాడు. చిన్నాయన దండం పెట్టి “పోయి రండి దొరా” అన్నారు. కొత్తగా వచ్చిన ఉత్తరాది అధికారికి ఎవరో దాన్ని ‘మళ్ళీ రండి’ అని ఇంగ్లీషులో చెప్పారు. ఇంకేముంది, కొంప మునిగింది. ఆ అధికారికి మన మాట తెలియదు, కోప్పడ్డాడంటే సరే. పుట్టినప్పటి నుంచీ అదే మాట అంటున్న మనవాళ్ళే ఎన్నికలప్పుడు దాన్ని గోడలకెక్కించారు: ‘దొరల్ని మళ్ళీ రమ్మన్నవాడికా మీ ఓటు?’ ఎదురు నిలబడింది ఆయన చిన్ననాటి స్నేహితుడే.

“నోరు జారిందని ఒక్క మాట చెప్పు చిన్నాయనా, సీటు నిలుస్తాది” అని బతిమాలాను.

“జారలేదే! అనే అన్నా. గడప దాటేవోణ్ణి పో అనేదానికి నాకు నోరు రాదు నాయనా. సీటు పోతే పోనీ.”

పోయింది. ఆ తర్వాత ఏ చర్చకూ ఆయన్ని పిలవలేదు. కొన్నేళ్ళకు కాగితాల మీద కూడా బదిలీ పూర్తయిన రోజు కచేరీలో సభ జరిగితే, ఆయన అరుగు మీద కూర్చుని చిన్నమ్మకు చిక్కుడుకాయలు ఈనెలు తీసిచ్చారు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆయన మాత్రం ఒక్కరినీ తిట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఆ స్నేహితుడు వచ్చాడు. చావింటి నుంచి కదిలేవాళ్ళు ఎవరికీ చెప్పకుండా కదలాలి, ‘పోయొస్తాం’ అనకూడదు. ఆ ఆచారం అతనికీ తెలుసు. చిన్నాయన పాదాల దగ్గర నిలబడి, రెండు చేతులూ జోడించి, అందరికీ వినబడేలా అన్నాడు.

“పోయి రా అన్నా.”

చిన్నమ్మ తలెత్తి చూసింది. ఎవరూ తప్పు పట్టలేదు. వాకిట్లో పాడె కడుతున్నవాళ్ళు చేతుల్లో తాడు పట్టుకుని అలాగే ఆగిపోయారు.