మజ్జిగనీళ్లలో అరటికాయ ముక్కలు

నిరుడు, మేం స్థిరపడ్డ హిందీవాళ్ల ఊళ్లో, కాసిడీహ్ పేటలో మన తెలుగువాళ్లు మా మనవరాలు సుజాతకు సన్మానం చేశారు. కొత్త మందులు కనిపెట్టడం దాని పని.

మైకు ముందు "ఎంజైమ్‌ని ఆపే మందు... మతలబ్... అంటే..." అంటూ అది తడబడేసరికి, "ఏటి సెప్తంది?" అని వెనక నవ్వులు మొదలయ్యాయి. పిల్ల పరువు పోతుందని భయపడ్డాను.

అప్పుడది నావైపు చెయ్యి చూపింది. "మా మామ్మ అరటికాయ ముక్కలు నల్లబడకుండా మజ్జిగనీళ్లలో ఏత్తాది. ఆ నీళ్లు కూడా పారబొయ్యదు, పులుసులో పోసేత్తాది."

హాలంతా గొల్లున నవ్వింది. నేను సిగ్గుతో తలదించుకున్నాను.

"ముక్కని నల్లబరిసేది ఎంజైమే. మజ్జిగ దాన్ని ఆపుతాది. ఒంట్లో రోగం పెంచే ఎంజైమ్‌కి అలాటి మజ్జిగే నేను ఎతుకుతున్నాను."

నవ్వినవాళ్లే లేచి చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు సాక్చి బజారులో అరటికాయ చేత పట్టుకుని, అడగనివాళ్లకు కూడా మనవరాలి పని చెబుతున్నాను. ఆ సంబరంలో బేరమాడటమే మరిచిపోతున్నాను.