ఒక మెట్టు కింది శృతి

మా బావ పోయారు. బుధవారం పొద్దున ఓడలరేవులో డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఉండగా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ లేవట్లేదురా" అంది. ఆ తర్వాత ఏమందో నాకు వినపడలేదు. ఉప్పలగుప్తం చేరేసరికి వాళ్ల గుమ్మం దాకా జనం. ముందు నాకు ఏడుపు రాలేదు. నేను పోతే ఇంతమంది వస్తారా అనిపించింది. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆయన గురించి అబద్ధం రాయలేను.

మీలో కొందరు మా 'ఉప్పునేల' బ్యాండు క్యాసెట్లు విని ఉంటారు. తొంభైల్లో మా చర్చి యవ్వనస్థులం నలుగురం పెట్టుకున్న బ్యాండు అది. పాటలు రాసేదీ పాడేదీ నేను. గిటారు బావ. నేను అమలాపురంలో ఒక మాస్టారి దగ్గర మూడేళ్లు సంగీతం నేర్చుకున్నాను. బావ స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ, తీగల మీద తడుముకుంటూ తనంతట తనే నేర్చుకున్నారు. అయినా ముమ్మిడివరంలో సభ ముగిసిందంటే కుర్రకారంతా ఆయన చుట్టూ మూగేది. నా దగ్గరికొచ్చి, "అన్నయ్యా, బావగారు టీ తాగుతారేమో కాస్త కనుక్కోండి" అనేవారు. ఇంట్లోనూ ఇదే వరస. మా అమ్మ చేపల పులుసు పెడితే తలకాయ ముక్క ఆయన కంచంలోకే వెళ్లేది. కన్నకొడుకుని, నాకు తోక.

ఆయన గిటారుని చర్చి మైకుసెట్టు పాత యాంప్లిఫయరుకి తగిలించి, సౌండు చివరికంటా తిప్పేసేవారు. రేకుల షెడ్డు మీద వాన దంచినట్టు గరగరమని మోగేది. మొదటిసారి విన్నప్పుడు సంఘపెద్ద ఒకాయన లేచి వచ్చారు.

"ఏవండీ, దీన్ని ఆరాధనంటారాండీ?"

"ఆయ్. ఉరుములు చేసినాయనకి ఈ మోతో లెక్కాండీ?" అన్నారు బావ.

పెద్దాయన నవ్వేసి వెళ్లి కూర్చున్నారు. అదే మాట నేనంటే మా నాన్నకి కబురెళ్లేది.

మా చర్చి హార్మోనియం దొరల కాలం నాటిది. దాని శృతి ఉండాల్సినదానికన్నా దాదాపు ఒక మెట్టు కిందికి ఉండేది. బ్యాండులో ఎవరికీ ఆ సంగతి తెలియదనుకునేవాణ్ణి. హార్మోనియం ఎంత చెబితే అంతకే గిటారు తీగలు బిగించేవాళ్లు. మాస్టారి దగ్గర నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నాకు మొదటి వారమే తెలిసిపోయింది. చెప్పలేదు. ఎప్పటికైనా తెలిసినవాళ్ల ముందు బావ నవ్వులపాలు కావాలని చెప్పలేదు. ఆరేళ్లు ఆ మాట కడుపులో పెట్టుకుని పాడాను.

నేను కాచుకున్న ఆ రోజు రాజమండ్రి స్టూడియోలో వచ్చింది. మొదటి క్యాసెట్ రికార్డింగు. వేణువు వాయించడానికి వచ్చినాయన రెండుసార్లు ఊది ఆగిపోయారు.

"శృతి బాగా కిందికి, రెండు మెట్ల నడుమ ఉందండీ. దీనికి సరిపోయే వేణువు నా దగ్గర లేదు."

నేను పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. లోపల పండగే. బావ ముఖం మాత్రం కొంచెం కూడా మారలేదు. "మాది అంతేనండి. వేణువు లేకుండా కానిచ్చేద్దాం" అన్నారు.

అప్పట్లో వేణువు లేని క్రైస్తవ క్యాసెట్ ఎవరూ ఎరగరు. వదులు తీగల బరువైన మోత, దాని మీద నా గొంతు, అంతే. అదే మా బ్యాండు గుర్తయింది. ఏడాది తిరక్కుండా రాజోలు, కొత్తపేట కుర్రాళ్లు కూడా తీగలు వదులు చేసుకున్నారు. రెండో క్యాసెట్ చేశాం, తర్వాత సీడీ చేశాం. ఆయన్ని దించుదామని నేను దాచిన తప్పు ఆయనకే పేరు తెచ్చింది. రెండువేల సంవత్సరం దాటాక తాళాలు వాటంతటవే వేసే కీబోర్డులు వచ్చి మమ్మల్ని పిలిచేవాళ్లు తగ్గారు. డ్రమ్ములు వాయించేవాడు ఉద్యోగమని హైదరాబాదు పోయాడు. ఆదివారాలు ఆ గిటారు వాయిస్తూ మిగిలింది బావ ఒక్కరే.

గురువారం పొద్దున అక్క బీరువాలోంచి ఆయన తెల్ల చొక్కా తీస్తూ అంది.

"సమాధి దగ్గర పాట నువ్వే ఎత్తుకోవాల్రా. కింద శృతిలోనే ఎత్తుకో."

"ఏం?"

"ఆ హార్మోనియం సంగతి మీ బావకి మొదట్నించీ తెల్సురా. సరిచేయించండంటే ఒప్పుకునేవారు కాదు. 'వాడి గొంతు పైకెళ్తే చీలిపోద్దే, ఇలా ఉండటమే మంచిదయ్యింది, వాడికి మాత్రం చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు' అనేవారు."

కృతజ్ఞత రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఒళ్లు మండింది. ఒకే సంగతిని ఇద్దరం దాచాం, అందులోనూ ఆయనే మంచివాడయ్యాడు. నా గొంతు చీలుతుందని చెప్పడానికి ఈయనెవరు అనుకున్నాను.

సమాధి దగ్గర పాస్టరుగారు నా వైపు తిరిగి తలూపారు. పంతం కొద్దీ అసలు శృతిలోనే ఎత్తుకున్నాను. మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణంలో పైకి వెళ్లేచోట గొంతు నిలువునా చీలిపోయింది. ఆగిపోయాను.

వెనకనించి ఒక ముసలామె వచ్చి నా వీపు నిమిరింది. "ఏడు బాబూ, ఏడు. బావంటే ప్రాణం కదా నీకు" అంది.

అందరూ దుఃఖమనుకున్నారు. నేనూ కాదనలేదు. జనం పాటని ఒక మెట్టు దించి అందుకున్నారు. వాళ్లకి అలవాటైన శృతి అదే. నలుగురి కోసమని కళ్లు తుడుచుకున్నట్టు చెయ్యి ముఖానికి పెట్టుకున్నాను. తీసి చూస్తే నిజంగానే తడిసి ఉంది.