అక్కకు ఖానా లేదు

మొన్న సూరత్ రింగ్ రోడ్ మార్కెట్లో చీరల మూటను కాంటా మీదికి ఎత్తేసి, అంకె చూసుకుని, కిందికి నెట్టేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మూటకేం, దానికి సిగ్గూ బిడియమూ లేవు. కరోనా రోజుల్లో మా అక్కను ఇలాంటి కాంటా మీదే నిలబెట్టాం, నిలబెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు.

అక్క అంటే తోడబుట్టినది కాదు, మా ఆయన అన్నగారి భార్య, నా తోడికోడలు. మగ్గాల పని వెతుక్కుంటూ అన్నదమ్ములిద్దరూ కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చాక అక్కడి వడోద్ బస్తీలో పక్కపక్క గదుల్లో ముప్పై ఏళ్లు కాపురాలు చేశాం. ఆ వరుసలోని ఎనిమిది గదులకూ కలిపి ఒకటే మరుగుదొడ్డి, అదీ గొంతుక్కూర్చునే రకం. నా ఈడువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు, ఒళ్లు బరువై మోకాళ్లు అరిగిన మనిషికి అందులో కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. నేను తలుపు దగ్గర నిలబడి చెయ్యి అందిస్తే తప్ప అక్క లేవలేకపోయేది. మనిషిని మనిషి ముట్టుకోవడానికే భయపడే ఆ రోజుల్లో, నాకు జ్వరమొస్తే తన గతేమిటని బెంగపడి, అంత ఎండల్లోనూ మధ్యాహ్నం దాటితే నీళ్లు తాగడం మానేసింది.

షుగరు చూసే డాక్టరు ఆమె పేరును బరువు తగ్గించే కార్యక్రమంలో రాయించాడు. కరోనా మూలాన అంతా ఫోన్లోనే. వారానికోసారి ఒక అమ్మాయి వ్యాయామం నేర్పి, చివర్లో బరువెంతని అడిగేది. మా ఇంట్లో కాంటా ఎక్కడిది? లాక్‌డౌన్ సడలి మగ్గాలు మళ్లీ తిరిగాక, మా ఆయన పనిచేసే కార్ఖానాలో నూలు బస్తాలు తూచే కాంటా మీదికి ఎక్కించేవాళ్లం. చుట్టూ ఉన్న మగవాళ్లు ఆ అంకెను పైకి చదివేవాళ్లు, అక్క కొంగు నెత్తిమీదికి లాక్కుని నేల చూసేది.

"జర చెప్పు చెల్లె, గీ కిలోలు గాదు నాక్కావాల్సింది. ఎవ్వల చెయ్యి వట్టకుంట లేస్తే సాలు" అని నా వెంటపడేది. అందుకోసమే మొండిగా సాధన చేసింది. చేతులు ఆనించకుండా మొదట కుర్చీ మీద నుంచి, తర్వాత ట్రంకుపెట్టె మీద నుంచి, ఆ తర్వాత పీట మీద నుంచి లేచింది. దీపావళి దాటాక ఒక పొద్దున నన్ను పిలవకుండానే వెళ్లి, తనంతట తానే లేచి వచ్చి, నల్లా దగ్గర చెంబెడు నీళ్లు గటగటా తాగి నవ్వింది.

ఆ వారం ఫోన్ రాగానే నేనే సంబరంగా, ఇప్పుడు ఎవరి సాయమూ లేకుండా లేస్తోంది, రాసుకో బిడ్డా అని హిందీలో చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు వెతికి, "ఇస్‌కా ఖానా నహీ హై, ఆంటీ" అంది. ఖానా అంటే గడి, అది రాయడానికి ఆ కాగితంలో గడి లేదట. బరువు మాత్రం అడిగి రాసుకుంది, అది కిలో కూడా తగ్గలేదు.

పక్కనుంచి విన్న అక్కకు ఖానా అంటే తిండే. రెండు పూటలు పళ్లెం ముట్టలేదు, షుగరు మాత్ర మాత్రం వేసుకుంది. కళ్లు తిరిగి పడబోతుంటే పట్టుకుని, ఇదేం పనని కసిరాను. "గా పోరినే అనె గద, నాకు ఖానా లేదని" అంది. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నోట్లో చక్కెర పోసి కూర్చోబెట్టాను.

మరుసటి నెల ఫలితం లేదని పేరు తీసేశారు. ఫోన్లో ఆ పిల్ల మీద అరిచాను గానీ, పాపం దాని తప్పేముంది? ఆ గడులు గీసిన పెద్దమనుషుల్లో ఒక్కరైనా, నీకేం చేతనైతే చాలమ్మా అని ఒక్క రోగినైనా అడిగారా? అంత చదువుకుని ఆ ఒక్క ప్రశ్న తట్టలేదా? వాళ్లనని ఏం లాభం, నేనూ వారం వారం ఒక నోటుబుక్కులో అక్క కిలోలే రాశాను. అక్క తన మోకాళ్లను నమ్మలేదు, వాళ్ల కాగితాన్ని నమ్మింది. ఏమీ కాలేదంట గద అని సాధన మానేసింది. ఎండాకాలానికి మళ్లీ నా చెయ్యే దిక్కయింది.

ఇప్పుడు సూరత్‌లోనే ఉధ్నాలో కమోడ్ ఉన్న ఇంట్లో అద్దెకుంటున్నాం, అక్క కావలసినన్ని నీళ్లు తాగుతోంది, నా చెయ్యి అక్కర్లేదు. కానీ ఒకప్పుడు ఊరి నుంచి ఎవరొచ్చి బాగున్నావా అన్నా, పిల్లల సంగతి, మోకాళ్ల సంగతి, నిన్న వండిన కూర సంగతి కూడా చెప్పి గాని వదలని మనిషి, ఇప్పుడు ఎట్లున్నవని ఎవరడిగినా కిలోలు చెప్పి ఊరుకుంటోంది.