స్టాకు సున్నా

డాక్టర్లు కోడి కెలికినట్టు రాసినా ఉప్పలయ్య ఇట్టే చదివేస్తాడు. వరంగల్‌లోని ఆ పెద్ద దవాఖాన మందుల కౌంటర్లో ఇరవై ఆరేళ్లుగా నిలబడ్డ మనిషి మరి! ఆయన్ని భయపెట్టేదల్లా కంప్యూటరే. చిట్టీ చూసి ముందు ఎంట్రీ చేసి స్టాకులోంచి తగ్గించాలి, తర్వాతే గోళీలివ్వాలి అన్నది రూలు. లైను గేటుదాకా ఉంటే రూలెక్కడ నడుస్తుంది? పొద్దంతా గోళీలిచ్చేసి, చిట్టీలన్నీ దారానికి గుచ్చి, తీరిక దొరికినప్పుడు ఒక్క వేలితో కంప్యూటర్లో ఎక్కించేవాడు. వారం చిట్టీలు దండలా వేలాడిన రోజులూ ఉన్నాయి.

కౌంటర్లోని వాళ్లు కంప్యూటర్ ఎలా వాడుతున్నారో చూసి మార్కులేయడానికి హైదరాబాద్ నుంచి మేడం వస్తోందని కబురొచ్చింది. తక్కువొచ్చిన వాళ్లను పరకాల దవాఖానకు బదిలీ చేసి పంపేస్తారట. ఉప్పలయ్యకు కంటిమీద కునుకు కరువైంది. భార్య శారదకు వారానికి మూడుసార్లు ఇదే దవాఖానలో డయాలసిస్. కౌంటర్ నుంచి నాలుగడుగులేస్తే ఆమె మంచం. తను పరకాల పోతే ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదెవరు? పిల్లలా, లేకపోయె.

ఆ భయమే కొంప ముంచింది. మేడం వచ్చే ముందురోజు సాయంత్రం కూర్చుని దండ మొత్తం ఎక్కించాడు. మర్నాడు పొద్దున్నే వచ్చిన తోటి ఫార్మసిస్టు సుకన్య, పాపం, ఆయనకు సాయం చేద్దామని అదే దండ మళ్లీ ఎక్కించింది. ఒకరికొకరు చెప్పుకుంటేగా!

వచ్చిన మేడం పేరు కావ్య. పద్ధతిగా నమస్కారం పెట్టి, ట్యాబ్ పట్టుకుని ఆయన పక్కనే కూర్చుంది. మొదటి చిట్టీ కట్టమ్మది. మనవరాలి ఫిట్స్ గోళీల కోసం నెక్కొండ నుంచి రైల్లో వచ్చింది. ఉప్పలయ్య ఒక్క వేలితో మందు పేరు కొట్టాడు. స్టాకు సున్నా! వెనక అరలో చూస్తే డబ్బాల నిండా గోళీలు.

"అన్నా, ఆ దండ నువ్వు గూడ ఎక్కిచ్చినవా?" సుకన్య చెవిలో గొణిగింది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఇద్దరికీ.

"సున్నా చూపిస్తే మందు ఇయ్యొద్దు కదా సార్. ఇప్పుడేం చేస్తరు?" కావ్య అడిగింది.

లేదని ఒక్క మాటంటే మార్కులు పదిలం, శారదా పదిలం. స్టాకు సరిచేశాక ముసలమ్మ ఎల్లుండి మళ్లీ వస్తుంది. కానీ ఈలోపు ఆ పిల్లకేమన్నా అయితే?

"ఇంట్ల ఇంకెన్ని గోళీలున్నయమ్మా?"

"నిన్ననే ఒడిసినయ్ సారూ. పొద్దుగాల ఎయ్యనే లేదు."

అంతే, ఆయన లేచి మూడు షీట్ల గోళీలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మందున్నది మేడం. అవే చిట్టీలను రెండుసార్లు ఎక్కిచ్చినం. పొద్దంత ఇచ్చుడు, తర్వాత ఎక్కిచ్చుడు, రోజూ గిదే మా అలవాటు. రాసుకోన్రి. సుకన్య పేరు మాత్రం జర రాయకున్రి, ఆమె తప్పేం లేదు."

"నేను చూసింది రాయక తప్పదు సార్," అని కావ్య ఆయన మొహం చూడకుండా రాసుకుంది.

కట్టమ్మకు ఇదంతా ఏం తెలుసు? షీట్లు కొంగున ముడేసుకుని నవ్వింది.

"నువ్వుంటె మాకు ఫికరే లేదు సారూ. వచ్చే నెల గూడ నువ్వే ఉంటవ్ గద?"

ఉప్పలయ్య తల ఊపి, తర్వాతి చిట్టీ అందుకున్నాడు.