మోత ఆగితే పాలు ఆగాయి

మొన్న ఎవరో గృహప్రవేశపు మిఠాయి ఇచ్చి వెళ్లారు. డబ్బా తెరిచి ఒక బిళ్ల అందుకోగానే పైనున్న వెండిరేకు వేలికి అంటుకుంది, ఊదితే లేచి మళ్లీ అంటుకుంది. ఇప్పుడీ రేకులు చడీచప్పుడూ లేకుండా మిషన్ల మీద తయారవుతున్నాయట. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

డెబ్భైల మొదట్లో హుస్సేనీ ఆలంలో మా బర్రెల దొడ్డికి గోడ అవతలే యూసుఫ్ భాయ్ వెండిరేకుల కార్ఖానా ఉండేది. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి, పొద్దున్నే మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా పనివాళ్లు సుత్తులతో బాదేవారు. ఏ ఇద్దరి సుత్తికీ పొత్తు కుదిరేది కాదు. ఒకటి పరుగెత్తితే ఇంకొకటి కుంటేది, మూడోది అలిగి ఆగి ఉన్నట్టుండి విరుచుకుపడేది. గోడకు ఇవతల నానిన పత్తిగింజల పులుపు వాసన, తవుడు, పిడకల పొగ, వానాకాలం మోకాళ్లదాకా రొచ్చు, బోనాలకు వేపాకు పసుపు, మొహర్రం రోజుల్లో యూసుఫ్ భాయ్ ఇంటినుంచి వచ్చే షర్బత్, గల్లీలో చిర్రగోనె ఆడే పిల్లల కేకలు. నా లెక్కలు తప్పడానికి ఆ సుత్తులే కారణమని ఇంటిల్లిపాదినీ నమ్మించాను; మా లెక్కల సారు ఒక్కరే నమ్మలేదు.

ఒక వానాకాలం చివర యూసుఫ్ భాయ్ కార్ఖానాను కొడుకు ఉండే బస్తీకి మార్చేశాడు. వెళ్తూ బాపు భుజం తట్టి, "అబ్ తుమారా బచ్చా ఆరామ్ సే పడ్తా, భాయ్" అన్నాడు, ఇక నేను హాయిగా చదువుకుంటానని. గోడ అవతల ఒక్కసారిగా నిశ్శబ్దం. నా లెక్కలు ఎప్పటిలాగే తప్పాయి గానీ, అసలు దెబ్బ తగిలింది మా నల్లపూసకు.

నల్లపూస మా బర్రె. పడ్డగా మా దొడ్డికి వచ్చింది, మొదటి ఈత నుంచీ ఆ సుత్తుల కిందే పాలిచ్చింది. ఇప్పుడు బాపు దూడను విడిచినా, వేన్నీళ్లతో పొదుగు కడిగినా, గోడకేసి చూస్తూ నిలబడేది తప్ప చేపేది కాదు. పొదుగు నిండుగానే ఉండేది, పాలు మాత్రం దిగేవి కావు. నాయనమ్మ దిష్టి తీసింది, అమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి మెడకు కట్టింది. బాపు మాత్రం తేల్చేశాడు.

"బతుకమ్మ పండుగ దాంక జూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే అమ్ముతా, గంతే."

నాకు ఏడుపొచ్చింది. బడి నుంచి వచ్చాక నేను ఆనుకుని కూర్చునే వెచ్చని గోడ మా నల్లపూస.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున, బాపు పొదుగు దగ్గర కూర్చుని ఉండగా, మలీద ముద్దల్లో బెల్లం తక్కువైందని నాయనమ్మ అమ్మ మీద మొదలుపెట్టింది.

"నీ పుట్టింటోళ్లు బెల్లం మొకం జూసిన్రా అసలు?"

"మీరు జూసిన్రు గద అత్తా, గందుకే మాటలు గింత తియ్యగున్నయి!"

రోకలి కింద పడింది, గిన్నెలు దొర్లాయి, పెంకుల మీది కాకులు లేచాయి, లొల్లి మస్తుగా ముదిరింది. ఆ లొల్లి మధ్యలో బకెట్లోకి సర్రున ధార పడింది!

"బాపూ, దానికి చప్పుడు గావాలె!" అని అరిచాను.

"పాలు మేతతోని వస్తయి బిడ్డా, మోతతోని గాదు."

మర్నాడు బతిమాలి ఒక్క అవకాశం తీసుకున్నాను. ఇత్తడి పళ్లెం మీద గడియారంలా తప్పకుండా కొట్టాను. నల్లపూస నన్ను జాలిగా చూసింది. డబ్బాలతో తమ్ముణ్ణి కూడా పిలిచి ఇద్దరం వాయించాం. బెదిరి బకెట్టును తన్నింది. ఇక మిగిలింది మళ్లీ కొట్లాడమని అమ్మనీ నాయనమ్మనీ అడగడమే. నా ఖర్మ, ముందురోజు సాయంత్రమే బతుకమ్మ చుట్టూ ఆడుతూ ఇద్దరూ రాజీపడ్డారు, ఒకరి తల ఒకరు దువ్వుకుంటున్నారు.

గుడిమల్కాపూర్ ఆసామి వచ్చి తోలుకుపోయాడు. నల్లపూస మాకు నిజంగానే నల్లపూసైపోయింది. కొన్నాళ్లకు బాపుతో వెళ్లి చూశాను. ఆయన కొట్టం పక్కనే పిండిగిర్ని; దగ్గి దగ్గి నడిచే ఇంజను, ఎగిరెగిరి పడే పట్టా, వరసకోసం తిట్టుకునే జనం. బకెట్టు నురగతో నిండుతోంది.

"మీరు కడుపునిండ మేపలే అన్నా" అన్నాడాయన. బాపు ఆ మాట నమ్మి, తిరిగొస్తూ అఫ్జల్‌గంజ్‌లో దిగి, పత్తిగింజల సేటుతో తగవు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత నేను ఫిజిక్సు పాఠాలు చెప్పుకుని బతికాను. కదలక మెదలక స్థిమితపడ్డ రాయికి చప్పుడు ఉత్త చప్పుడే. మేత లోపలికి, పాలు బయటికి, ఎప్పుడూ శక్తి వచ్చిపోతూ ఉండే ప్రాణికి అలా కాదు. దూడ మూతి తాకిడిలాంటి చిన్న సైగ గడప దగ్గరే ఆగిపోతే, క్రమం లేని కాస్త అలజడి దాన్ని ఇవతలికి తోస్తుంది. తక్కువైతే చాలదు, ఎక్కువైతే తన్ను. ఇది చెబితే పిల్లలు నోట్సులో రాసుకున్నారు. మా ఇంట్లో మాత్రం చెల్లలేదు.

ఇప్పుడా గల్లీలో దొడ్లు లేవు, పిడకల పొగ లేదు, వరసగా షట్టర్లు. తొంభై దాటిన బాపుకు చెవులు సరిగా పనిచేయడం లేదు. నిన్న కూడా పక్కన కూర్చుని గొంతు చించుకున్నాను.

"మేత గాదు బాపూ, చప్పుడు! చప్పుడు లేక పోయింది మన బర్రె!"

బాపు కళ్లు మూసుకునే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఎందుకురా గట్ల ఒర్రుతవ్? మెల్లగ జెప్పు, వింట."