నూటికి నలభై జ్వరం

మా అన్న ఎమ్మిగనూరు బడిలో సైన్సు అయ్యవారు. ఆ సంగతి ఊళ్ళో ఎవరైనా మరిచిపోతారేమోనని తనే గుర్తు చేస్తుండేవాడు. అనంతపురంలో చదివి వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఏదీ ఆయన కంటికి ఆనేది కాదు. మా నాయన నేతగాడు. చీర కొలవాలంటే మోచేతి నుంచి వేలి కొస దాకా పట్టి మూరలు వేసేవాడు. ఆ మూర చూస్తే అన్నకు ఒళ్ళుమంట. మనిషి చెయ్యి కూడా ఒక కొలతేనా, ఫ్రాన్సు దేశంలో లోహపు కడ్డీ ఒకటి భద్రంగా దాచిపెట్టారు, లోకమంతా దాన్నిబట్టే నడుస్తుంది అని చెప్పేవాడు. నాయన అంతా విని, తల ఊపి, మళ్ళీ మూరే వేసేవాడు.

నేనూ ఆ బళ్ళోనే చదివాను కాబట్టి అక్కడి ఆయన ప్రతాపం కూడా చెప్పగలను. లెక్క మొత్తం సరిగ్గా చేసి, జవాబు పన్నెండు అని రాస్తే చాలేది కాదు.

"పన్నెండు ఏమిరా? వంకాయలా?" అని అడిగేవాడు.

సెంటీమీటర్లో గ్రాములో పక్కన రాయనందుకు అరమార్కు కోసి, చేతిమీద స్కేలుతో ఒకటి అంటించేవాడు. ప్రమాణం లేని అంకె తలలేని మొండెమని ఆయన సిద్ధాంతం. మొండేలు రాసిన చేతులన్నీ వాచిపోయేవి. చెల్లెలినని నాకేమీ మినహాయింపు లేదు.

కొత్త పైసలు వచ్చిన మరుసటి ఎండాకాలం అది. వీశెలు పోయి కిలోలు వస్తాయని ఊరంతా గగ్గోలు పెడుతుంటే అన్న పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. సెలవులకు బడి మూసేటప్పుడు, అక్కడుంటే ఎవరైనా పగలగొడతారని, ప్రయోగాల గదిలోని థర్మామీటరును గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు. జానెడు మించిన గాజుపుల్ల. సున్నా నుంచి నూరు దాటేదాకా గీతలు. నీళ్ళు కాగబెట్టి చూడటానికే గాని మనుషులకు పెట్టేది కాదు. సరిగ్గా అప్పుడే అమ్మకు జ్వరం వచ్చింది.

అవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చేసింది. కాలు బెణికినా, కడుపు నొచ్చినా అవ్వ కొలత అదొక్కటే. నేను అమ్మ కడుపుమీద చెయ్యి పెట్టి, కాలిపోతోందన్నాను. అన్న నా చెయ్యి తీసేసి, చేత్తో చూసేది నాటు పద్ధతి, అంకె కావాలన్నాడు. గాజుపుల్లను అమ్మ చంకలో పెట్టాడు. ఆ వింత చూడటానికి వీధిలోని నేతగాళ్ళంతా మగ్గం గుంతల్లోంచి లేచి వచ్చి గుమ్మం నిండా మూగారు.

అన్న వంగి చూసి, నలభై అన్నాడు.

"నూటికి నలభై అంటే సగం గూడా లేదు గదప్పా," అన్నాడు పక్కింటాయన.

పాసు మార్కులకు అయిదు ఎక్కువ అని ఇంకెవరో లెక్క తేల్చారు. అందరూ నిమ్మళించి ఎవరి గుంతలోకి వాళ్ళు దిగిపోయారు. అది పెద్ద జ్వరమని అన్నకు తెలుసు. కానీ మూరలు వేసేవాళ్ళకు సెంటీగ్రేడు గురించి చెప్పడం ఆయనకు నామోషీ. కాంపౌండరు దగ్గరికి పోయి నలభై ఉందని చెప్పమని నాయనను పంపాడు. తను పోలేదు. ఎనిమిదో తరగతి తప్పినవాడి గడప తొక్కితే ఆయన డిగ్రీకి మైల.

"నలభై అంటే ఎంతప్పా?" అని నాయన గుమ్మంలో ఆగి అడిగాడు.

"నలభై అంటే నలభై. నువ్వు పోయి సెప్పు నాయనా, ఆయనకు తెలుస్తాది."

ఆ కాంపౌండరు ఎక్కడో డాక్టరు దగ్గర సీసాలు కడిగి, మా ఊళ్ళో కొట్టు తెరిచి తనే డాక్టరైపోయిన మనిషి. ఆయనకు తెలిసిన అంకె ఒక్కటే, తొంభై ఎనిమిది. దాటితే జ్వరం, తగ్గితే ఒళ్ళు చల్లబడినట్టు. నలభై అని వినగానే, చల్లబడిపోతోంది, మిరియాల కషాయం పట్టించి, కంబళ్ళు కప్పి, కాళ్ళ దగ్గర వేడి ఇటుక పెట్టమన్నాడట. తన లెక్కన నలభైకి దిగిన మనిషి ఎప్పుడో పీనుగై ఉండాలని ఆ బుర్రకు తట్టలేదు. నాయన ఇంటికొచ్చి కంబళ్ళు కప్పి వేడి చెయ్యమన్నాడని మాత్రం చెప్పాడు.

అది వినైనా అన్నకు అనుమానం రావాలి కదా. రాలేదు. పైగా అందులోని శాస్త్రం మాకు విప్పి చెప్పాడు. చెమట ఆవిరయ్యేటప్పుడు ఒంటి వేడిని లాక్కుపోతుందట, ఆ చెమట పట్టించడానికే కంబళి అట. గోడమీద బొగ్గుతో బొమ్మ కూడా గీశాడు.

ఎండకు కుక్కలు నీడ వదలని రోజుల్లో, రెండు కంబళ్ళ కింద అమ్మ పిచ్చిమాటలు మాట్లాడేది. నేను కంబళి లాగితే అవ్వ కప్పేది. అవ్వ కునికితే అన్న కప్పేవాడు. ఆ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, అదే అమ్మ ఖర్మ. రెండు మూడు దినాలు అలాగే గడిచాయి. అమ్మ చచ్చిపోతుందని నాకు భయం పట్టుకుంది.

మాధవరం నుంచి మా మేనమామ గోనెసంచిలో పుచ్చకాయలు మోసుకొని వచ్చాడు. అమ్మను చూసి సంచి అక్కడే పడేశాడు. కంబళ్ళు తీసి వీధిలోకి విసిరి, అన్నను ఒక బూతు తిట్టి, అమ్మను భుజాన వేసుకొని ఆదోని బస్సు ఎక్కించాడు. మేమంతా వెంట పోయాం.

ఆదోని ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. జ్వరం ఎంత ఉండిందని అడిగితే, అన్న చొక్కా సర్దుకొని ముందుకొచ్చి, నలభై అన్నాడు.

"నలభై ఏమి?" అంది ఆమె.

ఆమె తన థర్మామీటరు పెట్టి చూసి నూట నాలుగు దాటిందంది. ఒళ్ళు చల్లబడిందని కంబళ్ళు కప్పమన్నారమ్మా అని నాయన అప్పుడు చెప్పాడు. సెంటీగ్రేడు అని అన్న గొణిగాడు.

"ఆ మాట మొదటే చెప్పి పంపింటే సరిపోయేది గదా," అంది డాక్టరమ్మ.

టైఫాయిడు. అమ్మ బతికింది. చెవులు రెండూ పోయాయి. ఆ జ్వరంలో ఒక్కోసారి అలా జరుగుతుంది, ముందే తెచ్చింటే దక్కేవేమో చెప్పలేనంది డాక్టరమ్మ. నేను చెప్పగలను. దక్కేవి.

అంతకుముందు నాయన మగ్గం చప్పుడు ఆగితే చాలు, పోగు తెగిందని వంటింట్లోంచే పసిగట్టి అమ్మ వచ్చి అతికేది. నాయనకు పిలవాల్సిన పని ఉండేది కాదు.

అన్న మారాడా అంటే, కంబళ్ళ మాట ఎత్తితే లేచిపోవడం మాత్రం నేర్చుకున్నాడు. మరుసటి ఏడు పరీక్ష పేపర్లు ఇంటికి తెచ్చి, వసారాలో కూర్చొని దిద్దుతున్నాడు. అమ్మ పక్కనే కండెలకు నూలు చుడుతోంది. ఎవడో జవాబు పక్కన ప్రమాణం రాయలేదు. అన్న నాలుక చప్పరించి అరమార్కు కోశాడు. లోపల మగ్గం ఆగింది. అమ్మ తల ఎత్తలేదు. కాసేపు చూసి, నాయనే గుంతలోంచి లేచి పోగు అతుక్కున్నాడు. అన్న ఇంకో పేపరు తీసి ఇంకో అరమార్కు కోశాడు.